మిట్ట మీద పంతొమ్మిది నిమిషాలు

మా కౌంటీలో లొరీన్ ఉన్రూ గొంతు గుర్తుపట్టని మనిషి లేడు. ముప్ఫై ఏళ్ళ పాటు బడి బస్సుల డ్రైవర్లను రేడియోలో అదిలించి, బెదిరించి నడిపించిన గొంతు అది. రిటైరయ్యాక దాన్ని మబ్బుల మీదకి మళ్ళించింది. మే నెలలో, టోర్నడో సుడిగాలుల కాలంలో, పడమటి ఆకాశం నల్లబడితే చాలు, హాస్కెట్ ఊరి కోర్టు భవనం కింది గదిలోకి దిగి, మైకు ముందు కూర్చుని, సరదాకి సొంత హామ్ రేడియోలు పెట్టుకున్న మావాళ్ళను కౌంటీ నలుమూలలా కాపలా పెట్టేది. వాళ్ళు ట్రక్కుల్లో కూర్చుని కంటితో చూసింది చెబుతారు. ఆమె దాన్ని నూటపాతిక మైళ్ళ అవతల ఉన్న వాతావరణ ఆఫీసుకు చేరవేస్తుంది. అంత దూరం నుంచి వాళ్ళ రాడార్‌కు మా తుఫానుల నెత్తి కనిపిస్తుంది గానీ కాళ్ళు కనిపించవు. నేల దగ్గర ఏం జరుగుతోందో చెప్పడానికి మా కళ్ళు తప్ప దిక్కు లేదు.

లొరీన్ పెట్టిన చట్టం చిన్నది. ఎక్కడున్నావు, ఎటు చూస్తున్నావు, ఎంత దూరం, ఏం కనిపించింది. అంతే. అంగుళానికి తక్కువ వడగళ్ళు, గంటకి అరవై మైళ్ళకు తక్కువ గాలి ఆమెకు అక్కర్లేదు. అనుమానాలు అసలే అక్కర్లేదు. పిలిస్తే పలకాలి. ఆగమంటే మళ్ళీ పిలిచేదాకా ఆగాలి. కాపలా వదిలి పోవాలంటే చెప్పి, సరే అనిపించుకుని పోవాలి, ఎందుకంటే చెప్పకుండా ఒకరు లేచిపోతే ఆ దిక్కున కౌంటీకి కన్ను పోయినట్టే. పక్క కౌంటీల రేడియోలు సంతలా ఉంటాయనీ, తనది మాత్రం చర్చిలా ఉంటుందనీ ఆమెకు లోలోపల గర్వం. ఆ గర్వంలో తప్పేమీ లేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తరువాత జరిగింది విని ఆమెను తిట్టుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి.

ఆ చర్చిలో నోరు ఆగనివాడు ఒక్కడే, ఎమ్మెట్ ష్రాగ్. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ధాన్యం నిల్వ చేసే ఎలివేటర్‌లో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. భార్య ఆర్డిస్ పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఇంట్లో చెప్పాల్సిన మాటలన్నీ రేడియోలో చెబుతున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సోమవారం సాయంత్రాలు అభ్యాసం పెట్టినప్పుడు, మీ దగ్గర వాతావరణం ఎలా ఉందంటే, ఆర్డిస్ నాటిన ఐరిస్ పూలు గాలికి పడుకున్నాయనీ, పక్కవాళ్ళ పెయ్యలు కంచె మూలకి చేరాయనీ, వాటికేదో తెలిసినట్టుందనీ మొదలుపెట్టేవాడు.

ఆ ఏడాది మే మొదటివారంలో లొరీన్‌కు ఒళ్ళు మండింది. "ఎమ్మెట్, ఇది రేడియో, మంగలి కొట్టు కాదు. వడగళ్ళు అంగుళం ఉన్నాయా లేవా? లేకపోతే ఊరుకోండి" అంది. కౌంటీ మొత్తం వింది. మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో ఎమ్మెట్ కూర్చోగానే, "ఏం ఎమ్మెట్, కాఫీ అంగుళం ఉందా? లేకపోతే ఊరుకో" అని నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి రేడియోలో ఆయన మారిపోయాడు. ఎదుట పడితే "ఏమ్మా లొరీన్, నువ్వు" అనే మనిషి, మైకు పట్టుకుంటే "కంట్రోల్, మీరు" అనడం మొదలెట్టాడు. అడిగినదానికి నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకునేవాడు. దారికొచ్చాడనుకుంది లొరీన్. కొంచెం నొచ్చుకున్నాడేమో అని కూడా అనుకుంది గానీ, మంచిదేలే అని సరిపెట్టుకుంది.

మే ఆఖరి గురువారం పొద్దున్నుంచే గాలి జిగటగా ఉంది. కోతకి రెండు వారాలున్న గోధుమ, తలలు వంచుకుని ఒక్క వైపుకే ఊగుతోంది. మూడున్నరకి పడమట ఒక మబ్బు లేచింది. నాలుగయ్యేసరికి దాని నెత్తి సూర్యుణ్ణి మింగేసింది. నాలుగున్నరకి ఆకాశం అడుగున పచ్చటి రంగు దిగింది, పాత గాజు సీసా రంగు. అది చూసిన మావాళ్ళెవరూ ఆ రంగు గురించి మాట్లాడుకోరు, కార్లు లోపల పెట్టుకుంటారు.

లొరీన్ కాపలాలు పెట్టేసింది. ఉత్తరాన దాణా మిల్లులో పనిచేసే ట్వైలా పెన్నర్. మధ్యలో ముగ్గురు. దక్షిణాన, పాత చమురు బావి ఉన్న మిట్ట మీద ఎమ్మెట్. ఆ మిట్టకి తూర్పున నాలుగు మైళ్ళలో ఓర్లిన్ అనే చిన్న ఊరు, రెండువందల నలభై మంది. ఆ వైపు ఫోన్లకు సిగ్నల్ అందదు. ఎమ్మెట్ దగ్గర రేడియో తప్ప ఇంకేమీ లేదు. తుఫాను బొమ్మ లొరీన్ ముందున్న తెర మీద కనిపిస్తుంది, ఆయనకి ముందున్న వాన మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఆ మిట్ట మీద కూర్చున్నవాడికి లొరీన్ కూడా ఒక కన్నే.

లొరీన్ పక్క బల్ల దగ్గర గేలెన్ కూర్చున్నాడు. కౌంటీ విపత్తుల అధికారి, సైరన్లు మోగించేది అతనే. ఇంటినుంచి తెచ్చుకున్న బీరాక్ బన్ను కొరికి, మాంసం, కాబేజీ నములుతూ తెర వైపు చూస్తున్నాడు.

"ఎటు పోతుందంటావ్?" అన్నాడు.

"ఈశాన్యం. ట్వైలా మీదుగా" అంది లొరీన్.

ఐదూ తొమ్మిదికి ఎమ్మెట్ గొంతు వినిపించింది. "కంట్రోల్, ఎమ్మెట్, చమురు బావి మిట్ట. పడమర చూస్తున్నా. వాన గోడలా ఉంది, రెండు మైళ్ళు. దాని వెనక ఏముందో కనపడట్లేదు. ఇందాకటిదాకా నా వీపు మీద కొట్టిన గాలి ఆగిపోయింది. మట్టి రోడ్డు ఇంకా పొడిగానే ఉంది. ఇప్పుడు తప్పుకోమంటారా?"

మూడు వారాల కిందటి ఎమ్మెట్ అయితే ఆ గాలి ఆగడం గురించే ఐదు నిమిషాలు చెప్పేవాడు, అది వింటే లొరీన్‌కు చెవులు నిక్కబొడుచుకునేవి. ఇప్పుడాయన గొంతులో ఏ రంగూ లేదు. లొరీన్ తెర మీద దక్షిణపు కొస వైపు చూసింది. అక్కడేమీ తేల్చి చెప్పేట్టు లేదు. సరే తప్పుకోండి అనడానికి బటన్ మీద వేలు పెట్టింది. అంతలో రేడియో అరిచింది.

"కంట్రోల్, కంట్రోల్, ట్వైలా! దిగింది! నేలకి దిగింది!"

"ఎమ్మెట్, ఆగండి. నేను పిలుస్తా" అంది లొరీన్. "ట్వైలా, ఊపిరి పీల్చుకో. ఎక్కడున్నావ్, ఎటు చూస్తున్నావ్?"

"కౌంటీ రోడ్డు, మిల్లుకి మూడు మైళ్ళు ఉత్తరం. పడమర. మైలున్నర. తెల్లగా, తాడులా ఉంది. దుమ్ము లేస్తోంది కింద!"

"అందరూ వినండి. టోర్నడో వార్త ఉంటే తప్ప ఎవరూ మైకు ముట్టుకోవద్దు. గేలెన్, ఉత్తరం సైరన్లు."

ఆ తరువాత ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. వాతావరణ ఆఫీసు ఫోన్లో ఉంది. ట్వైలా కదులుతోంది, టోర్నడో కదులుతోంది. మధ్య కాపలావాళ్ళలో ఒకరికి టెన్నిస్ బంతులంత వడగళ్ళు పడి ముందు అద్దం పగిలింది. ఉత్తరాన ఒక పాల డెయిరీ దారిలో ఉంది, అక్కడివాళ్ళు నేలమాళిగలోకి దిగారో లేదో కనుక్కోవాలి. లొరీన్ రాస్తోంది, చెబుతోంది, అడుగుతోంది. గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. గేలెన్ తరువాత అందరితో చెప్పాడు, ఆ రోజు ఆమె పని చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచిందని. అది నిజమే. అంత బాగా ఆమె ఎప్పుడూ చెయ్యలేదు. ఎంత బాగా చేసిందంటే, ఒక్క మనిషి పేరు ఆమె బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

దక్షిణం నుంచి ఏ మాటా రాలేదు. రాకపోతే ఏమీ లేనట్టే అని ఆమెకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. బస్సు డ్రైవరు మాట్లాడటం లేదంటే బస్సు సరిగ్గా నడుస్తున్నట్టే కదా.

ఐదూ ఇరవై నాలుగుకి ఉత్తరాన ఉన్న తాడు సన్నబడి, పొలాల మీద చిక్కులు పడి మాయమైంది. "లేచిపోయింది కంట్రోల్, పైకి లేచిపోయింది" అంది ట్వైలా, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. గేలెన్ బల్ల మీద చేత్తో కొట్టాడు. డెయిరీ నిలిచింది. లొరీన్ ఒక గ్లాసు నీళ్ళు తాగింది. ఆ నాలుగు నిమిషాలూ ఆ గదిలో పండగే.

అప్పుడు ఫోన్లో వాతావరణ ఆఫీసు మనిషి అడిగాడు. "మేడమ్, తుఫాను కుడిచేతి వైపుకి తిరుగుతున్నట్టుంది. దక్షిణపు కొసలో పైన ఏదో గట్టిగా తిరుగుతోంది. కింద ఏముందో మాకు తెలీదు. ఓర్లిన్ వైపు మీ మనుషులెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు" అంది లొరీన్. "ఎమ్మెట్..."

ఆ పేరు నోట్లో ఉండగానే ఆమె బల్ల వైపు చూసింది. ఎదురుగా కాగితం మీద తన చేతిరాత. ఎమ్మెట్, మిట్ట, ఐదూ తొమ్మిది, తప్పుకోనా అని అడిగాడు, ఆగమన్నాను. దాని కింద ఇంకేమీ లేదు. గోడ గడియారం ఐదూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

వెళ్ళిపోయి ఉంటాడు, అనుకుంది. బుర్రున్న మనిషి ఎవరైనా వెళ్ళిపోతాడు. దేవుడా, వెళ్ళిపోయి ఉండాలి. వెళ్ళిపోలేదని ఆమెకు తెలుసు. మొన్నటి దాకా అయితే వెళ్ళేవాడు. లేదా మధ్యలో దూరి నా మాట వినండమ్మా అని గోల చేసేవాడు. ఆ గోలను ఆమే మాన్పించింది.

"ఎమ్మెట్, కంట్రోల్" అంది.

వెంటనే పలికాడు. పంతొమ్మిది నిమిషాలుగా మైకు చేతిలోనే పట్టుకుని కూర్చున్నవాడు పలికినట్టు పలికాడు. "ఎమ్మెట్, సిద్ధం. ఇప్పుడే మిమ్మల్ని పిలవబోతున్నా. చమురు బావి మిట్ట, నైరుతి చూస్తున్నా, రెండు మైళ్ళు. టోర్నడో. నేల మీదే ఉంది. వెడల్పుగా, నల్లగా, అర మైలు ఉండొచ్చు. వాన చాటున ఉంది, వాన తెర ఇప్పుడే పక్కకి జరిగింది. కరెంటు తీగలు తెగి మెరుస్తున్నాయి. నా వైపు వస్తోంది. నా తరువాత ఓర్లిన్."

ఎక్కడున్నావు, ఎటు చూస్తున్నావు, ఎంత దూరం, ఏం కనిపించింది. ఒక్క మాట ఎక్కువ లేదు. ఆమె అంత చక్కటి వార్త ఆ రేడియోలో అంతకు ముందు వినలేదు. గేలెన్ అప్పటికే ఓర్లిన్ సైరన్ నొక్కేశాడు. ఫోన్లో మనిషి హెచ్చరిక టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎమ్మెట్, వెళ్ళండి. ఇప్పుడే. తూర్పుకి."

"రోడ్డు మీద పావుగంట నుంచి వాన కంట్రోల్. మన ఎర్రమట్టి సంగతి తెలుసుగా, బండి జారుతోంది. రెండు గజాలు పోయి అడ్డం తిరిగింది." గాలి హోరు ఆయన మాటల్ని కోసేస్తోంది. "పర్లేదు. మీరు నన్నెందుకు ఇక్కడ ఉంచారో నాకు తెలుసు. ఓర్లిన్‌కి ఇటు వేరే కన్ను లేదు. ఇంత పని నా మీద పెట్టారు, అది చాలు నాకు. ఇప్పుడు నన్ను వదిలినట్టేనా?"

కౌంటీలో రేడియో ఉన్న ప్రతి మనిషీ వింటున్నాడు. లొరీన్ నోరు తెరిచింది. నిజం చెప్పడానికి అప్పుడు టైము లేదు, అదొక్కటే ఆమెకు దక్కిన సాకు.

"వదిలాను. బండి దిగండి. రోడ్డు పక్క కాలవలో పడుకుని తల కప్పుకోండి. దిగండి ఎమ్మెట్!"

"సరే. ఎమ్మెట్, సెలవు."

తరువాత ఆమె పిలిచింది. ఐదూ ముప్ఫై మూడుకి పిలిచింది, ముప్ఫై ఆరుకి పిలిచింది, నలభైకి పిలిచింది. పిలిచిన ప్రతిసారీ మిగతావాళ్ళందరూ మైకు ముట్టకుండా ఆ ఖాళీని ఆయన కోసం వదిలారు. అందులోంచి ఎవరూ పలకలేదు. ఆమె ఇన్నేళ్ళూ కోరుకున్న నిశ్శబ్దం అది, ఒక్క గరగర కూడా లేదు. లొరీన్ తన పని తాను చేసింది, ఓర్లిన్ మీద టోర్నడో దిగిన టైము రాసింది, ఊరు దాటిన టైము రాసింది.

ఐదూ నలభై రెండుకి ట్వైలా గొంతు. "కంట్రోల్, నేను దక్షిణానికి పోతున్నా. అడగట్లేదు, చెబుతున్నా."

"పో తల్లీ" అంది లొరీన్.

ఎమ్మెట్ బండి మిట్టకి అర మైలు దూరంలో గోధుమ చేలో తలకిందులుగా దొరికింది. ఎమ్మెట్ కాలవలోనే దొరికాడు, నడుం దాకా బురదలో, ఒంటి మీద కంచె తీగతో. కాలు రెండు చోట్ల విరిగింది, పక్కటెముకలు నాలుగు పోయాయి. ప్రాణం ఉంది. ఓర్లిన్‌లో పదకొండు ఇళ్ళు, ధాన్యం ఎలివేటరు, పోస్టాఫీసు నేలమట్టమయ్యాయి. మనుషులందరూ అప్పటికే నేలమాళిగల్లోకి దిగి ఉన్నారు. ఒక్కరూ పోలేదు.

ఇక పొగడ్తలు మొదలయ్యాయి. ముసలాయన చివరి నిమిషం దాకా కదల్లేదనీ, లొరీన్ గుండె రాయి చేసుకుని ఆయన్ని అక్కడ నిలబెట్టి ఊరు కాపాడిందనీ కాఫీ హోటల్లో చెప్పుకున్నారు. రేడియోలో విన్నారు కదా, ఆయన నోటితోనే అన్నాడు కదా. గేలెన్ ఆమె ఇంటికొచ్చి, "ఓర్లిన్ వాళ్ళు మీ ఇద్దరికీ చర్చిలో భోజనం పెడతారట, రావాలి" అన్నాడు.

"గేలెన్, నువ్వు నా పక్కనే ఉన్నావు. చూశావుగా."

గేలెన్ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "నేను సైరన్లు చూసుకుంటున్నా లొరీన్. ఊరు బతికింది. ఆ ముసలాయన సంతోషంగా ఉన్నాడు. దాన్ని ఎందుకు కెలకడం?" అన్నాడు.

మూడు రాత్రులు లొరీన్ కంటికి కునుకు లేదు. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు. చెబితే ఆయన సంతోషం పోతుంది. ఇది మంచి సాకని ఆమెకే అనిపించింది, మంచి సాకు కాబట్టే భయమేసింది. ఇంకో మే నెల వస్తుంది, ఇంకెవరినో ఆగమంటుంది, వాళ్ళూ ఇలాగే నమ్ముతారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది. ఎమ్మెట్ కాలు పైకి కట్టి ఉంది, మొహం నిండా గాట్లు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆమెను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"రా రా లొరీన్! నర్సులకి చెబుతూనే ఉన్నా, కౌంటీ మొత్తం చెవులు మెలేసే మనిషి వస్తుంది, జాగ్రత్త అని. కూర్చో. ఒక్కరూ పోలేదటగా?"

"ఒక్కరూ పోలేదు."

"మరి! నిన్ను అనేవాళ్ళుంటారు, ముసలాణ్ణి చావుకి ఎదురు కూర్చోబెట్టిందని. నా దగ్గరికి పంపు వాళ్ళని, నేను చెబుతా."

లొరీన్ కూర్చోలేదు. "ఎమ్మెట్, మిమ్మల్ని నేను అక్కడ ఉంచలేదు."

"అంటే?"

"మరిచిపోయాను. ఆగమన్నాను, ట్వైలా అరిచింది, అంతే, మీరు ఉన్నారన్న సంగతే మరిచిపోయాను. ఆఫీసువాళ్ళు అడిగితే గుర్తొచ్చారు. మీరు తప్పుకోనా అన్నప్పుడు రోడ్డు పొడిగా ఉంది. సరే అందామని బటన్ మీద వేలు కూడా పెట్టాను."

ఎమ్మెట్ నవ్వబోయాడు, హాస్యం అనుకుని. ఆమె మొహం చూసి ఆగాడు. కిటికీ వైపు తిరిగాడు.

"పంతొమ్మిది నిమిషాలూనా?"

"పంతొమ్మిది నిమిషాలూ."

"నాకు భయమెయ్యలేదు, తెలుసా" అన్నాడు నెమ్మదిగా. "బండి ఊగిపోతోంది. వాన అడ్డంగా కొడుతోంది. అయినా ఏమీ అనిపించలేదు. నీ గొంతు వింటూ కూర్చున్నా. ట్వైలాతో మాట్లాడుతున్నావు, గేలెన్‌తో మాట్లాడుతున్నావు, లొరీన్ ముందు తెర ఉంది, నన్నూ ఒక కంట చూస్తూనే ఉందిలే, టైమొచ్చినప్పుడు తనే పిలుస్తుంది అనుకున్నా." ఆయన దుప్పటి అంచు పట్టుకున్నాడు. "అయితే అక్కడ నేనొక్కణ్ణే ఉన్నానన్నమాట."

లొరీన్ మంచం దగ్గరికి జరిగింది.

అప్పుడు ఎమ్మెట్ చేతులు వణకడం మొదలుపెట్టాయి. దుప్పటి కింద దాచుకుందామని చూశాడు గానీ అవి ఆగలేదు, మంచం ఇనుప కడ్డీ టకటకమని చప్పుడు చేసింది. లొరీన్ వంగి ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఆయన వదిలించుకోవాలని చూశాడు, ఆమె వదల్లేదు.